మున్వర్ సాబ్ మిల్లులో గుమ్మడికాయ

టేకు దూలాలంటే జేబుల పెట్టుకొని పోయేవి కావు. ఒక్కోటి మనిషి నడుమంత లావు, మిల్లు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పొడవు. అట్లాంటి దూలాలు ఒక మిల్లుకున్నవన్నీ ఒక్కసారే మాయమైనయంటే, ఎవడో మంత్రగాడన్నా అయ్యుండాలె, ఎవడో అబద్ధమన్నా ఆడుతుండాలె. కవిత తన డిటెక్టివ్ పనిల ఒక్క మంత్రగాణ్ని కూడా చూడలే. అబద్ధాలాడేటోళ్లను మాత్రం రోజూ చూస్తది. ఎందుకంటే ఆమెకు వచ్చేవన్నీ పెండ్లి సంబంధాల ఎంక్వైరీలే.

ఖమ్మంల జిరాక్సు షాపు మీద గది కిరాయికి తీసుకొని బోర్డు పెట్టుకున్నది. పిల్లగాడు తాగుతడా, పిల్లకు ఇంతకుముందు ఏదన్నా నిశ్చితార్థం తప్పిపోయిందా, అత్త నోరు ఎట్లాంటిది, ఇట్లాంటివి ఆరా తీసుడే ఆమె బతుకు. అట్లాంటి ఆమెకు టేకు కేసు వచ్చిందంటే అదంతా షరీఫా పుణ్యం. రెండేండ్ల కింద షరీఫా మనవరాలు ఆఫియాకు వచ్చిన పెండ్లికొడుక్కు మధిరల ముందే ఒక భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నరని పట్టుకున్నది కవితే. ఆ నమ్మకంతోనే షరీఫా పొద్దున్నే ఫోన్ చేసింది.

"బేటీ, మా సాబ్‌ను జైల్ల వేస్తరంట. జల్దీ రా. అన్నం నేను పెడ్త."

రెండో మాట విన్నంక కవిత బండి తీయడానికి ఆలస్యం చెయ్యలే.

సంగతేందంటే, అడవి మొదలయ్యే చోట, భద్రాచలం రోడ్డు పక్కన, షరీఫా మొగుడు మున్వర్ సాబ్‌ది, ఆయన నాయన నిజాం కాలంల కట్టిన రైస్ మిల్లు ఉన్నది. ఇంజను ఆగిపోయి శానా ఏండ్లయింది. ఇప్పుడేమో రెండువేల ఏడు, ఊరూరా ఫంక్షన్ హాళ్ల పిచ్చి. రవికుమార్ అనే కాంట్రాక్టర్ వచ్చి, "పడగొట్టుడెందుకు సాబ్, పాత గోడలు అట్లనే ఉంచి షోగ్గా ఫంక్షన్ హాల్ చేద్దాం" అన్నడు. బాయిలర్ గది వంటిల్లయింది. వడ్లు ఆరబోసే కళ్లం కార్లు నిలిపే జాగయింది. పొగగొట్టానికి గులాబీ రంగు పడ్డది. పాత కప్పు దింపుతమని, దింపిన టేకు దూలాలను విజయవాడల అమ్ముకుంటమని, మున్వర్ సాబ్ పేరు మీద అటవీశాఖ దగ్గర పర్మిట్ కూడా తీసుకున్నరు.

లారీ పోయింది. చెక్‌పోస్టు దగ్గర దొరికింది. పర్మిట్ పాత దూలాలకు, లారీల ఉన్నది మొన్న మొన్న అడవిల కొట్టిన పచ్చి టేకు. దానికి మసి రుద్ది, కాలిన ఇంజనాయిల్ పూసి, పాతదానిలెక్క ముస్తాబు చేసిండ్రు. డ్రైవర్ లారీ దిగి అడవిల కలిసిండు. ఇగ పర్మిట్ ఎవరి పేరు మీదుంటే వాళ్లే దొంగ. ఇయ్యాల మూడు గంటలకు రేంజర్ వస్తడు. అసలు పాత దూలాలు యాడున్నయో చూపియ్యాలె, లేకపోతే మున్వర్ సాబ్ జీపెక్కాలె. డెబ్బై ఏండ్ల ముసలాయన!

షరీఫా మాట మీద నిలబడ్డది. బగారన్నం, మటన్ కూర పెట్టింది. కవిత మిల్లు వరండాల తింటనే విచారణ మొదలుపెట్టింది. మున్వర్ సాబ్ పాత కాటా పళ్లెం మీద కూర్చొని, మూటలు తూచినట్టు తనను తాను తూచుకుంటున్నడు.

"చాచా, దూలాలు దింపుతుంటే మీరు చూసిండ్రా?"

"చూడలే."

"మీ మిల్లే గదా. దగ్గరుండి చూడబుద్ధి కాలేదా?"

"అట్లాంటిది చూడబుద్ధి అయితదా బేటీ?"

"మరి అవి ఎటు పోయినయంటరు?"

మున్వర్ సాబ్ గడ్డం గోక్కున్నడు. "ఎటు పోతయ్," అన్నడు.

"ఆయనను గట్ల గుచ్చి గుచ్చి అడుగకు," అన్నది షరీఫా ఇంకొంచెం కూర వేస్తా. "లారీ దొరికిన కాడికెల్లి సరిగ్గ తింటలేడు. కడుపుల బాధ నాకు తెలుసు."

కవిత పేగులు చల్లబడ్డయ్ గానీ మెదడు మాత్రం మండుతనే ఉన్నది. అప్పుడే గేటు కాడ మోటార్ సైకిల్ చప్పుడైంది. ఆ బండి మీదున్న మనిషిని చూడంగనే ఆమెకు తిన్న మటన్ గొంతుల అడ్డం పడ్డంత పనైంది.

కిషన్‌లాల్! కల్లూరు పక్క తండాల ఇద్దరివీ ఎదురెదురు ఇండ్లు. వరుసకు మేనబావ. ఒకప్పుడు ఇద్దరూ ఒక్క ఏజెన్సీల పని నేర్చుకున్నోళ్లే. ఇప్పుడు ఆయన సొంతంగ పెట్టుకున్నడు. ఎండాకాలంల కూడా నల్ల తోలు కోటు తొడుగుతడు. కోటు లోపల చెమటకాయలు లేసి గోక్కుంటనే దొంగలను పడుతడు.

"ఏంది మరదలా, పెండ్లిపిల్ల యాడున్నది? ఈ మిల్లుకు సంబంధం చూస్తున్నవా?"

"నువ్వెందుకొచ్చినవ్ బావా? నీకు గిక్కడేం పని?"

"రవికుమార్ గారు పిలిచిండ్రు. ఆయన మీద మచ్చ పడకుండ చూసుడు నా పని. ఆయన దూలాలు దింపిండు, సాబ్‌కు అప్పజెప్పిండు. అటెన్క వాటిని ఈ సాబ్ ఏం చేసుకున్నడో, పచ్చి టేకు యాడికెల్లి తెచ్చిండో తేల్చేసి పోత. మూడింటికి ముందే."

షరీఫా చేతిల గంటె ఆగిపోయింది. "మా సాబ్ దొంగ అంటున్నవా?"

"నేను అనుడెందుకమ్మా, పర్మిటే అంటున్నది."

కవిత లేచి చెయ్యి కడుక్కున్నది. కోపమొస్తే వీళ్లిద్దరు తండా భాషలోకి దిగుతరు. ఓ రెండు నిమిషాలు దిగిండ్రు. షరీఫాకు ఒక్క ముక్క అర్థం కాలే గానీ, పక్కింటోళ్లతో పంపు కాడ తాను ఆడే మాటలసొంటివే అని మాత్రం తెలిసిపోయింది.

రవికుమార్ హాలు లోపల్నే ఉన్నడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు, మెడల రుద్రాక్ష, చేతికి, వేళ్లకు రకరకాల దారాలు. దారం లేని వేలు ఒక్కటే, దానికి ఉంగరం ఉన్నది. నవ్వుతనే ఎదురొచ్చిండు.

"రండి మేడం, చూడండి. ఇది మిల్లంటే ఎవడన్నా నమ్ముతడా?"

నిజంగనే నమ్మరు. గోడలకు బంగారు రంగు పట్టీలు. వడ్లు పోసే గుంత మీద పెండ్లి స్టేజీ. తలపైకెత్తి చూస్తే తెల్లటి పీఓపీ సీలింగు, దాని నిండా పూలు, లతలు, నాలుగు మూలల నాలుగు నెమళ్లు. రేంజర్ మొన్న వచ్చి ఈ సీలింగు కిందనే నిలబడి, బాగున్నదని మెచ్చుకొని పోయిండంట.

"ఫ్యాన్లేవి?" అని అడిగింది కవిత.

"గోడలకు పెట్టినం గదా. పీఓపీ బరువు మొయ్యదు మేడం, సన్న తీగెల మీద ఆగి ఉంటది. బల్బుకంటే ఎక్కువ ఏది తగిలిచ్చినా ఊడి నెత్తి మీద పడ్తది."

"సీలింగు మీద ఏమున్నది?"

"ఏముంటది? సన్నపాటి ఇనుప పైపులు, వాటి మీద రేకులు. దూలాలున్న కాలం పోయింది."

"దూలాలు దింపేటప్పుడు నువ్వున్నవా?"

"నేనుంటనా? నాకు ఖమ్మంల ఇంకో సైటున్నది. దింపుడు, పైపులు పెట్టుడు, సీలింగు కొట్టుడు, అన్నీ లేబరే. వాళ్లేమో ఒరిస్సా పోయిండ్రు. నేను ఒక్కసారి కూడా మీదికి చూడలే. దింపినమన్నరు, వెనక గోడౌన్ల పెట్టినమన్నరు, సాబ్‌కు చెప్పిన. అంతే."

"అంతే," అన్నడు కిషన్‌లాల్, సాక్షి సంతకం పెట్టినట్టు.

కవిత హాలంతా తిరిగింది. గోడలు తట్టింది. వెనక గోడౌన్ కూడా చూసి వచ్చింది. అక్కడ దూలాలు పెట్టిన గుర్తు లేదు. నేలమీద ఎలుకల పెంటికలు ఎక్కడివక్కడ్నే ఉన్నయ్. అంత బరువు పెట్టి తీసుంటే అవి పొడి పొడి కావాలె. కానీ ఎలుకల పెంటికలు చూపిచ్చి రేంజర్‌ను ఒప్పియ్యలేం గదా. గడియారం చూస్తే రెండు దాటింది. సంబంధాల కేసులైతే వెనక దొడ్లె ఆరేసిన బట్టలు చూస్తే సగం సంగతి తెలుస్తది. ఇక్కడ బట్టలు లేవు, దొడ్డి లేదు.

ఎటూ తోచక స్టేజీ కాడికి వచ్చి నిలబడ్డది. అప్పుడు కనబడ్డది.

స్టేజీకి సరిగ్గ నడుమల, సీలింగుల చిన్న కంత. ఆ కంతలకెల్లి జనపతాడు దిగి ఉన్నది. తాడు చివర ఉట్టి, ఉట్టిల బూడిద గుమ్మడికాయ. మామూలుది గాదు, నీళ్ల బిందెంత ఉన్నది. ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు.

"అబ్బ, ఏం కాయ!" అన్నది కవిత, నిజంగనే ముచ్చటపడి. "కానీ దిష్టికాయ గేటుకు కడ్తరు గదా? లోపల కట్టినవేంది?"

రవికుమార్ మొఖం చిన్నబోయింది. "గేటుకు మూడు కట్టిన మేడం. మూడింటినీ కోతులే తిన్నయ్. అడవి కోతులు, వాటికి భయమా భక్తా! కోతి మెక్కిన కాయ దిష్టినేం ఆపుతది? అందుకే లోపల కట్టిన."

"లేబర్‌తోని కట్టిచ్చినవా?"

"ఛఛ! గట్ల కట్టిస్తరా?" రవికుమార్ చెవులు మూసుకున్నడు. "హాలు ఎవడు కడితే వాడే తన చేత్తో కట్టాలె. కూలోనితో కట్టిస్తే ఫలమంతా వానింటికే పోతది. తలస్నానం చేసి, ఒక్కపొద్దుండి, తడిబట్టతోని నా రెండు చేతులతో నేనే ముడేసిన. అందుకే చూడండి, కట్టిన కాడికెల్లి ఒక్క పని ఆగలే."

లారీ ఆగిన సంగతి ఆయన యాదికి రానట్టున్నది.

కవిత కిషన్‌లాల్ దిక్కు తిరిగింది. "బావా, ఫ్యాన్‌ను మొయ్యని సీలింగు ఇంత గుమ్మడికాయను ఎట్ల మోస్తున్నది?"

"ఓసి పిచ్చిదానా! సీలింగు మోస్తదా? మీదున్న ఇనుప పైపుకు కట్టిండ్రు."

"సన్నపాటి పైపుకా? వంగలేదా మరి?"

"వంగలేదు. వంగదు. ఇనుమంటే ఏందనుకున్నవ్? ఆగు, చూపిస్త. ఈ కేసుకు ఇక్కడ్నే ముగింపు పలుకుత." కిషన్‌లాల్ పెండ్లికొడుకు కుర్చీ లాగి దాని మీదికెక్కిండు. తోలుకోటు చేతులు మడిచిండు. రెండు చేతులా తాడు పట్టుకున్నడు.

"ముట్టొద్దు!" అని రవికుమార్ అరిచిండు. "కిషన్ గారూ, దిష్టికాయ, పాపం తగుల్తది! దిగుండ్రి!"

ఆ అరుపు విని ఎవడన్నా దిగుతడు. కిషన్‌లాల్‌ది అట్లాంటి పుట్టుక కాదు. తాడును ఒక్క గుంజు గుంజిండు. ఏం కాలే. "చూసినవా మరదలా" అనుకుంటా కాళ్లు కుర్చీ మీదికెల్లి లేపి, తాడు పట్టుకొని ఊగిండు. తాడు అటోసారి ఇటోసారి పోయి సీలింగు కంతను కోసింది. టప్పున ఒక పగులు. ఆ పగులు నెమలి దాకా ఉరికింది. అంతే! పూలు, లతలు, నెమలి అన్నీ కలిసి కిషన్‌లాల్ మీద కూలబడ్డయ్.

దుమ్ము లేసింది. సున్నపు దుమ్ము వెనక ఇంకో దుమ్ము, పచ్చగ, మెత్తగ, కమ్మటి వాసనతోని. ఎన్నేండ్ల తవుడో అది! అందరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు తుమ్మిండ్రు. దుమ్ము అణిగినంక కండ్లు తుడుచుకొని మీదికి చూసిండ్రు.

మీద ఇనుప పైపులు లేవు. నల్లగ నిగనిగలాడుకుంట, ఈ గోడకెల్లి ఆ గోడ దాకా, టేకు దూలాలు వరుసగ ఉన్నయ్. ఒక్కటి కూడా కదల్లే, ఒక్కటి కూడా దిగలే. నడిమి దూలానికి జనపతాడు నాలుగు చుట్లు చుట్టి ముడేసి ఉన్నది, దాని కింద గుమ్మడికాయ చెక్కుచెదరకుండ ఊగుతున్నది.

"చాచీ!" అని కవిత సంతోషం పట్టలేక కేకేసింది. "దొరికినయ్! మీ దూలాలు దొరికినయ్!"

చెదారం కిందికెల్లి కిషన్‌లాల్ లేచిండు. కోటు తెల్లబడ్డది, జుట్టు తెల్లబడ్డది, భుజం మీద నెమలి తోక ముక్క ఉన్నది. కానీ మొఖం మీద ఓడిపోయిన కళ లేదు. మెల్లగ చప్పట్లు కొట్టిండు.

"శభాష్ మరదలా. నా పని నువ్వే చేసిపెట్టినవ్. ఆలోచించు. దూలాలు దింపుతమని చెప్పి పర్మిట్ తీసుకున్నదెవరు? మున్వర్ సాబ్. దూలాలు దిగనే లేదు. అంటే ఆ పర్మిట్ తీసుకున్నదే పచ్చి టేకు దాటియ్యడానికి. పర్మిట్ ఎవరిదో దొంగతనం వాళ్లది. నీ పార్టీని నువ్వే పట్టిచ్చినవ్."

కవిత గుండె జారి కడుపులకొచ్చింది. వాడు చెప్పింది నిజమే. ఉరుక్కుంటొచ్చిన షరీఫా గుమ్మంలనే నిలబడిపోయింది. ఆమె వెనక మున్వర్ సాబ్.

"అవ్, అవ్," అన్నడు రవికుమార్, తేలికపడ్డ గొంతుతోని. "ముసలాయన నన్ను కూడా మోసం చేసిండు! దూలాలు మీదున్నయని నాకు కలల కూడా తెలవదు. నేనెన్నడన్నా మీదికి చూసిన్నా?"

ఆ మాటతోని కవిత గుండె మళ్ల ఎక్కాల్సిన చోటికి ఎక్కింది.

"చూడకుండనే ముడేసినవా రవికుమార్?"

"ఏం ముడి?"

"తలస్నానం చేసి, ఒక్కపొద్దుండి, నీ రెండు చేతులతో వేసిన ముడి. నాలుగు చుట్లు చుట్టినవ్. దేన్ని చుడుతున్నవో చూడలేదా? లేకపోతే దూలం ఇనుప పైపులెక్క కనబడ్డదా?"

రవికుమార్ చేతి దారాలు తడుముకున్నడు. లేబర్ కట్టిండ్రని ఇప్పుడు అనొచ్చు. కానీ ఆ మాట అంటే ఫలం పోతది. మనిషి ఎంత నలిగిపోయిండో చూస్తే జాలేసేటట్టున్నది. చివరికి భక్తే గెలిచింది.

"నేనే కట్టిన," అన్నడు.

"బావా, నీ పార్టీ చెప్పింది విన్నవా?"

కిషన్‌లాల్ విన్నడు. నెమలి తోక ముక్కను భుజం మీదికెల్లి దులిపి, కోటు కూడా దులుపుకున్నడు. కవితకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆరేండ్ల సంబంధాల ఎంక్వైరీలల్ల ఇంత సంబరం ఎన్నడు దొరకలే. పర్మిట్ వాడుకొని పచ్చి టేకు తోలింది కాంట్రాక్టరే, ముసలాయన అమాయకుడు, ఇగ రేంజర్ రావచ్చు.

కానీ రవికుమార్ ఊకోలే. దొరికిపోయినోడు ఒక్కడే మునగడానికి ఒప్పుకోడు గదా. తలెత్తి, గుమ్మం దిక్కు చూసుకుంట అన్నడు.

"అవ్, కట్టిన. ఎత్తెంతున్నదో చూసిండ్రు గదా? లేబర్‌ను రానియ్యొద్దాయె. సీలింగు కొట్టకముందు నేను మీద తాడు చుడుతుంటే కింద నిచ్చెన ఎవరు పట్టుకున్నరు? అది అడుగవేంది మేడం?"

కవిత కిషన్‌లాల్ దిక్కు చూసింది. వాడు అడ్డంగ తల ఊపిండు, జుట్టుకెల్లి సున్నం రాలింది. ఆమె నవ్వుకుంటనే, "ఎవరు పట్టుకున్నరంటవ్?" అని అడిగింది.

గుమ్మంల మున్వర్ సాబ్ మెల్లగ చెయ్యెత్తిండు. బడిల హాజరు పలికినట్టే ఎత్తిండు.

కవిత నవ్వు మొఖం మీదనే ఆరిపోయింది.

"మిల్లు మూస్తమంటే ఒప్పుకున్న," అన్నడు మున్వర్ సాబ్. "షాదీఖానా చేస్తమంటే ఒప్పుకున్న. పొగగొట్టానికి గులాబీ రంగు పూస్తే కూడా నోరెత్తలే. పర్మిట్ వచ్చినంక వీడు రంపం తెచ్చిండు. మా అబ్బా ఆ దూలాలు ఎక్కిచ్చిన రోజు నేను ఇక్కడ్నే, కళ్లంల నిలబడి చూసిన. ఎడ్లు కాళ్లు మడతపెట్టినయ్. అబ్బా చేతుల తోలు ఊడింది. వాటిని కోస్తమంటే నాతోని కాలే. 'ఉండనియ్ రా' అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. వీడేమన్నడంటే, 'మీ దూలాలు మీకే ఉంటయ్ సాబ్, సీలింగు కొట్టి కప్పేస్త, పర్మిట్ సంగతి నేను చూసుకుంట, మీరు నోరు మెదపొద్దు' అన్నడు."

"ఏం చూసుకుంటడో మీకు తెలవదు గదా చాచా?" కవిత గొంతుల ఆశ ఇంకా చావలే. "తెలవదని చెప్పుండ్రి."

"అడవి పక్కన పుట్టినోణ్ని బేటీ. ఖాళీ పర్మిట్ తోని ఏం చేస్తరో తెలవదా? తెలిసింది. తెలవనట్టు ఉన్న."

షరీఫా మొగుని మొఖంలకే చూసుకుంట నిలబడ్డది. ఏడుస్తదేమో అనుకున్నది కవిత. షరీఫా ఏడ్వలే.

"మసీదు మెట్లెక్కమంటే మోకాళ్లు నొస్తయంటవ్. మా చెల్లె ఇంటికి పోదామంటే మోకాళ్లు నొస్తయంటవ్. నిచ్చెన పట్టుకొని అంతసేపు నిలబడితే నొయ్యలేదా?"

"నొచ్చినయ్," అన్నడు మున్వర్ సాబ్.

బయట జీపు హారన్ మోగింది.

కిషన్‌లాల్ కవిత దగ్గరికి జరిగి, తండా భాషల, చానా మెత్తగ చెప్పిండు. ముడేసినోని పేరు ఒక్కటి చెప్తే సరిపోతది, నిచ్చెన సంగతి నేను వినలే, నువ్వూ వినలే అని. రవికుమార్ మాట రేంజర్ నమ్మడు, ముసలాయన ఇంటికి పోతడు. ఇన్నేండ్లల్ల ఆ మనిషి నోట ఆమె విన్న మొదటి మంచి మాట అది. కవితకు తియ్యగనే ఉన్నది. ఒప్పుకుందామనే అనుకున్నది, ఒప్పుకోవడానికి తల కూడా ఊపింది.

కానీ అప్పటికే మున్వర్ సాబ్ టోపీ సర్దుకొని కళ్లం దాటి గేటు కాడికి నడుస్తున్నడు. మోకాళ్లు నొస్తున్నట్టు అస్సలు లేదు.

రేంజర్ జీపు దిగి, "ఏం సాబ్, దూలాలు దొరికినయా?" అన్నడు.

"దొరికినయ్. దొంగ కూడా దొరికిండు," అన్నడు మున్వర్ సాబ్. "ఒక్కడు గాదు సాబ్, ఇద్దరం."

కొంచెంసేపట్ల రవికుమార్‌ను ముందు సీట్ల డ్రైవర్ పక్కన ఇరికిచ్చిండ్రు. జీపు వెనక తలుపు తీసేసరికి, మున్వర్ సాబ్ కంటె ముందు షరీఫా ఎక్కి, కొంగు సర్దుకొని కూర్చున్నది. "అమ్మా, నీ మీద కేసు లేదు, దిగు" అని రేంజర్ మొదలు గట్టిగ, తర్వాత బతిమాలుతున్నట్టు చెప్పిండు. షరీఫా ఆయన దిక్కు చూడను కూడా చూడలే. మొగుని చెయ్యి పట్టి మీదికి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నది. తర్వాత బయట బొమ్మలెక్క నిలబడ్డ కవితను వేలితోని దగ్గరికి పిలిచింది.

"ఈయనను జీపు ఎక్కిచ్చింది నువ్వే గదా బేటీ," అన్నది. "ఇగ దించేది కూడా నువ్వే."